సంగీతం పీరియడులో ట్యాబ్‌ల వాడకం: సలహా కావాలి

ప్రశ్న (ఆమదాలవలస దగ్గర ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు):
మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి సంగీతం చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. నేను కర్ణాటక సంగీతంలో గీతాల (స్వర వరుసల తర్వాత నేర్పే తేలిక పాటల) వరకు నేర్చుకున్నాను. బడిలో హార్మోనియం గాని శ్రుతిపెట్టె గాని లేదు; దాతలు ఇచ్చిన ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు రెండు ఉన్నాయి. గదిలో నెట్ సరిగా అందదు. ముప్పైమంది పిల్లలకు ఈ రెండింటినీ ఎలా తిప్పాలో, ఏ రకం యాప్‌లు వేసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు (విజయనగరం, గాత్రం చెప్పే మాస్టారు):
అమ్మా, ట్యాబ్‌లను పిల్లల చేతికిచ్చి తిప్పాలనే ఆలోచనను ముందు పక్కన పెట్టండి. ఒక్కొక్కరికి వంతు వచ్చేసరికి గంట కొట్టేస్తారు, మిగిలినవారి నోళ్లు అంతసేపూ ఖాళీగా ఉంటాయి. ఒక ట్యాబ్‌ను మీ బల్లమీద తంబురాగా ఉంచి, రెండవదాన్ని తాళానికీ రికార్డింగుకూ వాడుకుంటే చాలు.

తంబురా యాప్‌లో శ్రుతి ఎంచుకోవడం దగ్గరే చాలా పాఠం తేలిపోతుంది. మగవారికి అలవాటైన ఒకటో శ్రుతి (C) పిల్లలకు సాధారణంగా నప్పదు. ఐదున్నరతో (G#) మొదలుపెట్టి సరళీ వరుస (స రి గ మ ల తొలి పాఠం) పాడించండి. కింది షడ్జం (స) గొంతులో పలకకుండా గాలిగా పోతుంటే అరశ్రుతి పెంచండి, తారషడ్జం (పై స) దగ్గర మెడనరాలు బిగిసి అరుపు వస్తుంటే తగ్గించండి. ట్యాబ్ స్పీకరు చిన్నది కావడం వల్ల తంబురాలోని మంద్రస్వరం దాదాపు వినబడదు కాబట్టి బయటి స్పీకరు తప్పనిసరి.

తాళానికి మెట్రోనోమ్ యాప్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, ఆదితాళం ఎనిమిది అక్షరాలను పిల్లలు చేత్తో వేయాలి. దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసర్జితం (చేతిని తిప్పి వేయడం). రెండో కాలానికి (రెట్టింపు వేగానికి) వెళ్లినప్పుడు చాలామంది యాప్ వేగాన్ని పెంచేస్తారు, అది సరికాదు. తాళం 60లోనే నడవాలి, అక్షరానికి రెండు స్వరాలు పడాలి. మరొక పద్ధతి కూడా చేసి చూడండి: ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాటు శబ్దం పూర్తిగా తగ్గించి, పిల్లలను ఆపకుండా పాడనిచ్చి, మళ్లీ పెంచండి. సమం (తాళం మొదటి దెబ్బ) మీద కలిశారో, ముందుకు పరుగెత్తారో మీరు చెప్పనక్కరలేదు, వాళ్లకే తెలిసిపోతుంది.

అనుబంధ ప్రశ్న (అదే ఉపాధ్యాయురాలు):
చాలా సంతోషం మాస్టారూ. మా దగ్గర ఉన్నది బ్లూటూత్ స్పీకరు, అది పనికొస్తుందా? ఉచిత యాప్‌లలో మధ్యమధ్య వచ్చే ప్రకటనల సంగతి కూడా చెప్పండి.

జవాబు (నెల్లిమర్ల, కంప్యూటర్ ఉపాధ్యాయుడు):
బ్లూటూత్ శబ్దాన్ని కాస్త ఆలస్యంగా అందిస్తుంది. తంబురా నిరంతరం మోగుతూనే ఉంటుంది గనుక దానికి ఇబ్బంది లేదు. పిల్లవాడు తెరమీద డోలు యాప్‌ను కొట్టినప్పుడు మాత్రం సరిగా వేసిన దెబ్బ కూడా తాళం తప్పినట్లు వినిపించి, తప్పు వాడిమీద పడుతుంది. అలాంటి పనికి వైరుతో కలిపే స్పీకరు వాడండి.

ప్రకటనలకు తేలికైన మార్గం ఉంది. ఇంటి దగ్గర నెట్ ఉన్నప్పుడు యాప్ దించుకుని, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి అది పనిచేస్తోందో లేదో అక్కడే చూసుకుని, బడిలో అదే మోడ్‌లో వాడండి. సెట్టింగ్స్‌లో భద్రతకు సంబంధించిన భాగంలో యాప్ పిన్నింగ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే పిల్లలు పొరపాటున వేరే యాప్‌లోకి పోరు. ఐప్యాడ్ వాడేవారికి ఇదే పని గైడెడ్ యాక్సెస్ చేస్తుంది. గూగుల్ వారి క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్ పిల్లలకు ఎంతో బాగుంటుంది కాని అది బ్రౌజరులో, నెట్‌తో నడిచేది, మీ గదికి కుదరదు.

జవాబు (బొబ్బిలి, వీణ నేర్పే ఒక అక్క):
పియానో యాప్ గురించి ఎవరూ చెప్పలేదు గనుక ఒక మాట. మాయామాళవగౌళ (తొలి పాఠాలు నేర్పే రాగం) స్వరస్థానాలను కంటికి చూపడానికి అది ఉపయోగపడుతుంది: C అనే తెల్లమెట్టు మీద షడ్జం పెట్టుకుంటే దాని కుడిపక్కన ఆనుకుని ఉన్న నల్లమెట్టు రిషభం అవుతుంది, గాంధారం దూరంగా జరిగి మధ్యమాన్ని ఆనుకుని ఉంటుంది. పిల్లలు ఆ దగ్గర, దూరాలను చూసి బాగా పట్టుకుంటారు. అయితే మెట్టు నొక్కితే వచ్చే స్వరం కదలదు, గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) అందులో పలకదు. అందువల్ల గీతాల దగ్గరకు వచ్చాక పియానోను అనుసరించి పాడించవద్దని నా అభిప్రాయం. మా ఊరి వీణమీద తీగను పక్కకు లాగి ఒకే మెట్టు మీద రెండు స్వరాలు పలికించే వీడియోను ఒక్కసారి చూపిస్తే, ఆ తేడా ఏమిటో మాటల్లో చెప్పే శ్రమ తప్పుతుంది.

జవాబు (విజయనగరం మాస్టారు, మళ్లీ):
అక్కగారి మాటతో ఏకీభవిస్తున్నాను. యాప్‌లోని కృత్రిమ స్వరం కన్నా మనిషి గొంతు వినడమే పిల్లలకు మేలు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన మా ఊరి సంగీత కళాశాలలో చదువుకునే అమ్మాయిలు ఎవరైనా మీకు తెలిసినవారు ఉంటే, వారి అనుమతితో మీ పిల్లల శ్రుతిలోనే సరళీ, జంట వరుసలు (ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పాడేవి) పాడించి ట్యాబ్‌లో రికార్డు చేసుకోండి. ఊళ్లోకి తప్పెటగుళ్ల (తప్పెట వాయిస్తూ ఆడిపాడే జానపద కళ) బృందం వచ్చినప్పుడు కూడా, వారిని అడిగి, కాస్త రికార్డు చేసి ఉంచండి. ప్లేయరులో వేగాన్ని ముప్పాతికకు తగ్గించి వినిపిస్తే పిల్లలు ఆ దెబ్బలను చేత్తో పట్టుకోగలుగుతారు. పిల్లల గొంతులు రికార్డు చేసినప్పుడు మాత్రం వాటిని తరగతిలో వినిపించడం వరకే ఉంచి, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.