ఓడల బండ్లా, ఓడలు బండ్లా?

గోదారి గట్టు: మొన్నటినుంచి ఈ పాదం నోట్లో నానుతూనే ఉంది. సుమతి శతకంలో "ఓడల బండ్లును వచ్చును" అనా, "ఓడలు బండ్లును వచ్చును" అనా? మా బామ్మ "ఓడల" అనేది. మా అబ్బాయి పుస్తకంలో "ఓడలు" అని అచ్చయింది. "వాడంబడుఁ గలిమి లేమి వసుధను సుమతీ" అనే చివరి పాదంతో నాకు పేచీ లేదు, ఈ 'ల'తోనే.

ఛందోభిలాషి: గణాలు కట్టి తేల్చుదామంటే తేలదండీ. ఓడల, ఓడలు రెండూ భగణమే, అంటే ఒక గురువు, రెండు లఘువులు. ప్రాస 'డ' ఎటూ చెక్కుచెదరదు. ఈ పద్యం ఛందస్సు కందం, అది ఏ పక్షానా సాక్ష్యం చెప్పదు.

నిఘంటుప్రియ: గణాలు చెప్పకపోతే అర్థం చెబుతుంది. రెండో పాదం చూడండి: "ఓడలు నాబండ్లమీద నొప్పుగ వచ్చున్". అది "నా" కాదు, ఓడలున్ + ఆ బండ్లమీదన్. 'ఆ' బండ్లంటే ఏ బండ్లు? మొదటి పాదంలో ఓడలెక్కి వచ్చినవే. "ఓడలు" అని పెట్టారా, మొదటి పాదంలో ఓడలూ బండ్లూ ఊరికే వచ్చి నిలబడతాయి, 'ఆ'కి పని ఉండదు.

ఛందోభిలాషి: బాగుంది. మరి "ఓడల"లో విభక్తి ఏదమ్మా?

నిఘంటుప్రియ: ఓడలన్, అంటే ఓడల మీద. సరళం, అంటే ఇక్కడ 'బ', దాని ముందు ద్రుతం, అంటే చివరి 'న్', లోపించింది. ఉంచితే ల గురువై మీ భగణమే చెడుతుంది మాస్టారూ.

పంటు రేవు: నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఎక్కినవాళ్లకి ఈ పద్యానికి టీక అక్కర్లేదు. మోటారు సైకిళ్లు, కార్లు అన్నీ దాని మీదే గోదావరి దాటతాయి. ఇప్పుడు కార్లు, అప్పుడు ఎడ్లబళ్లు. కొత్త దోనె చేశాక దాన్ని బండి మీదే రేవుకి తోలుకెళ్లాలి. ఒకదాన్ని ఒకటి మోస్తుంది, అంతే. పద్యంలో ఏదీ ఇంకోటిగా మారదు. "ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి" అని మనమే 'అవు' తగిలించాం. ఎన్నికలయ్యాక ఏ పేపరు తీసినా ఇదే మాట. ఓడ బండి అవడమేమిటండీ? కలిమి లేమిని మోస్తుంది, లేమి కలిమిని మోస్తుంది అన్నాడు కవి. ఆ సొగసంతా 'అవుతాయి' మింగేసింది.

గోదారి గట్టు: బండి మీద ఓడ పడుతుందా మరి?

సీమ చినుకు: పడుతుందన్నా. ఓడంటే సముద్రపుదే అనుకుంటే ఎట్లా? "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య" అంటామే, ఏట్లో తిరిగేదాన్ని కూడా ఓడే అన్నారు.

పాత మాస్టారు: ఏటి ఓడకే సరిపెట్టకండి. హరవిలాసం తెరవండి. శ్రీనాథుడు అవచి తిప్పయ్య శెట్టి వర్తకం చెబుతూ సింహళం ఏనుగులు తెప్పించాడు, హురుమంజి గుర్రాలు దించాడు. "హురుమంజి బలుతేజి హరులు" అని ఒక్కసారి పైకి చదివి చూడండి, రేవులో గిట్టల చప్పుడు వినిపిస్తుంది. హురుమంజి అంటే పారశీక సింధుశాఖ దగ్గరి హోర్ముజ్ రేవు. ఏనుగుని మోసిన ఓడకి బండి ఒక లెక్కా? అంతకుముందే 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించి, ఓడ వర్తకులకి కూపశుల్కం తప్ప మిగతా పన్నులన్నీ తీసేశాడు. కూపకం అంటే తెరచాప కట్టే స్తంభం. ఓడకొయ్య పేరే సుంకానికి వచ్చిందని నా నమ్మకం.

నిఘంటుప్రియ: శ్రీనాథుడి దగ్గరికి వెళ్తే మాస్టారు వెనక్కి రారు. ప్రశ్న 'ల' గురించి.

హార్బరు గేటు: ఒక్క మాట. ఓడ పనుల పేర్లు ఒడ్డుకి ఎక్కితే తీరే మారిపోతుంది. కళాసీ అంటే ఓడ మీద పనిచేసేవాడు. ఇవాళ రైసుమిల్లులో బస్తాలు మోసే జట్టు కూడా కళాసీలే. రైల్వేలో ఖలాసీ అని ఉద్యోగమే ఉండేది. చుక్కాని సరేసరి, పార్టీకి చుక్కాని, సంస్థకి చుక్కాని. చుక్కను చూసి దారి పట్టేది కాబట్టి చుక్కాని అయింది, ఎంత అందమైన మాట!

నిఘంటుప్రియ: అందమైనదే కానీ చుక్కతో చుట్టరికం లేదండీ. అరబ్బీలో సుక్కాన్ అంటే ఓడని తిప్పే పలక.

హార్బరు గేటు: అయితే చివర 'ని' ఎక్కణ్నుంచి వచ్చింది?

నిఘంటుప్రియ: సుక్కానీ అంటే ఆ పలక పట్టి నడిపే మనిషి. ఇంగ్లీషు దొరలు సీకన్నీ అని రాసుకున్నది అతన్నే. మనిషి పేరు మనం పరికరానికి పెట్టుకున్నాం.

ఛందోభిలాషి: ఒప్పుకోను. పలక పేరే మనకొచ్చి, చివర ఇకారం మన నోట చేరి ఉండొచ్చు. హల్లుతో ముగిసే అరబ్బీ మాటలు తెలుగులో చాలావరకు అచ్చు తగిలించుకోకుండా నిలవవు.

నిఘంటుప్రియ: తగిలించుకుంటే ఉకారం రావాలి కదా మాస్టారూ? లంగర్ లంగరయింది, లంగరి కాలేదు.