లూకా 18:9లో "తమ్ము నమ్ముకొని" అన్న మాట మీద చర్చ

మర్రిపాలెం:
అందరికీ నమస్కారం. ఈ వారం మాట పెట్టే వంతు నాది కాబట్టి ఒక బైబిలు వాక్యం పెడుతున్నాను. ఎప్పటిలాగే పేర్లు వద్దు, పేటల పేర్లు చాలు.

"తామే నీతిమంతులని తమ్ము నమ్ముకొని యితరులను తృణీకరించు కొందరితో ఆయన ఈ ఉపమానము చెప్పెను." (లూకా 18:9)

పరిసయ్యుడు, సుంకరి కథ చర్చిలో పెరిగినవాళ్ళందరికీ కంఠతా వచ్చు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో: ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి దేవాలయానికి ప్రార్థనకు వెళ్తారు. పరిసయ్యుడు తన మంచిని ఏకరువు పెడతాడు. సుంకరి దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అంటాడు. నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్ళింది సుంకరే. దానికి ముందున్న ఈ వాక్యం దగ్గర మాత్రం పెద్దగా ఎవరూ ఆగరు. కథ ఎవరికోసం చెప్పారో ఇక్కడే ఉంది. దొంగల కోసం కాదు, తాగుబోతుల కోసం కాదు. క్రమం తప్పకుండా ప్రార్థనకు వచ్చేవాళ్ళ కోసం చెప్పారు.

'తమ్ము నమ్మి' అనలేదు, 'తమ్ము నమ్ముకొని' అన్నారు. తెలుగులో ఈ రెండూ ఒకటి కావు. ఎవరో చెప్పిన మాటను నమ్ముతాం. భూమిని నమ్ముకుంటాం, పెద్దకొడుకుని నమ్ముకుంటాం. జాలరిపేటలో "ఈ వేటనే నమ్ముకున్నాం బాబూ" అంటే, అది లేకపోతే తమకు ఇంకో ఆధారం లేదని చెబుతున్నట్టు. భక్తుడు నమ్ముకోవలసింది దేవుణ్ణి. ఈ కొందరు దేవాలయంలోనే నిలబడి తమ నీతిని నమ్ముకున్నారు. మనిషి దేన్ని నమ్ముకుని బతుకుతున్నాడో దానిలోనే లోపం ఉందని ఒప్పుకోమంటే ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది. పేరుమోసిన పాపికి మారుమనస్సు (తన పాపం ఒప్పుకొని దేవుడి వైపు తిరగడం) కలగడం చూస్తాం గానీ, పేరున్న భక్తుడికి కలగడం అరుదు. కారణం ఈ ఒక్క క్రియలో ఉందని నా అభిప్రాయం.

మన ఊరికి సంబంధించిన సంగతి కూడా ఒకటి ఉంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో ఇక్కడే సువార్తల అనువాదం మొదలైంది. డెగ్రాంజెస్ 1810లో చనిపోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరాంపూరులో అచ్చయ్యాయి. మనం ఇప్పుడు చదివేది ఆనాటి పాఠం కాదు, తర్వాత ఎన్నో సవరణలు జరిగాయి. ఇదే ఊళ్ళో ఏళ్ళ తరబడి పనిచేసిన జాన్ హే చెయ్యి కూడా ఆ సవరణల్లో ఉంది. అయినా సుంకరి ప్రార్థన అచ్చు తెలుగులోకి వచ్చిన దారి మన ఊరి మీదుగానే వెళ్ళిందంటే నాకు ఎంతో సంతోషం.

మీరేమంటారో చెప్పండి.

గాజువాక:
మాస్టారూ, నాదో సందేహం. పరిసయ్యుడు "నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాను" అన్నాడు కదా. గొప్పంతా నాదే అనలేదు, దేవుడికే ఇచ్చాడు. దాన్ని గర్వం అని ఎలా అంటాం? ఉపవాసం తప్పా? దశమభాగం (సంపాదనలో పదో వంతు దేవుడికివ్వడం) తప్పా? మా నాన్నగారు స్టీల్ ప్లాంటులో పనిచేసినన్నాళ్ళూ జీతం రాగానే దశమభాగం తీసి కవర్లో పెట్టేవారు. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా ఆ కవరు ముట్టుకునేవారు కాదు. ఆయన్ని ఎవరైనా పరిసయ్యుడంటే నాకు కోపం వస్తుంది.

మర్రిపాలెం:
రావాలి కూడా తమ్ముడూ. అలాంటివాళ్ళ వల్లే సంఘాలు నిలబడ్డాయి.

ముందు పరిసయ్యుడికి న్యాయం చేద్దాం. అతను చెప్పినదాంట్లో అబద్ధం ఉందని కథ ఎక్కడా అనలేదు. ధర్మశాస్త్రం విధించిన ఉపవాసం ఏడాదికి ఒక్కటే, ప్రాయశ్చిత్త దినాన. ఇతను వారానికి రెండు చేస్తున్నాడు. ఆ రోజుల్లో భక్తిపరులు సోమ, గురువారాల్లో ఉండేవారు. తొలి క్రైస్తవుల 'డిడాకే' అనే చిన్న పుస్తకంలో, ఆ రెండు రోజులూ వద్దు, బుధ శుక్రవారాల్లో ఉపవాసం ఉండండి అని రాసి ఉంది. అంటే అలవాటును మానలేదు, రోజులు మార్చుకున్నారు. ఇక దశమభాగం కూడా అడిగినంత మటుకే కాక 'నా సంపాదన అంతటిలో' ఇస్తున్నాడు. ఏ సంఘమైనా కళ్ళకద్దుకునే సభ్యుడు.

అదే అతనికి అడ్డమైంది. చేసిన పాపం మనిషిని పొడుస్తూ ఉంటుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. చేసిన మంచి పొడవదు, నిద్రపుచ్చుతుంది.

నువ్వడిగిన కృతజ్ఞతాస్తుతుల సంగతి. ఆ ప్రార్థన ఇంకోసారి చదువు. దేవుడు ఏం చేశాడని స్తుతి? ఇతను చోరుడు కానందుకు, అన్యాయస్థుడు కానందుకు, వ్యభిచారి కానందుకు, 'ఈ సుంకరివలెనైనను' ఉండనందుకు. దేవుడి పేరుతో మొదలై, నాలుగడుగులు వేసేసరికి పక్కన నిలబడ్డ మనిషి దగ్గర తేలింది. పైగా అందులో ఒక్క విన్నపం కూడా లేదు. గుడికి వచ్చి ఏమీ అడగకుండా వెళ్ళాడు. అతనికి ఏమీ అక్కరలేదు మరి.

మన ఊళ్ళో ఏ గృహకూడికలోనైనా సాక్ష్యాల టైములో వినండి. "దేవుని కృపను బట్టి నేను చిన్నప్పటి నుంచీ ఒక్క ఆదివారం మానలేదు. దేవుని కృపను బట్టి మా ఇంట్లో సినిమా అన్న మాటే లేదు. ఈ రోజుల్లో పిల్లలు ఎలా తయారవుతున్నారో చూస్తున్నాం..." అని సాగుతుంది. కృప అన్న మాట నోట్లో ఉంటుంది, కళ్ళు వెనక బెంచీ కుర్రాళ్ళ మీద ఉంటాయి. మాట్లాడేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళు నిజంగానే ఆదివారం మానరు. మీ నాన్నగారు కవరు పెట్టేటప్పుడు పక్కింటివాళ్ళు ఎంత వేశారో చూడలేదు కదా. తేడా అక్కడుంది.

జ్ఞానాపురం:
మాది కతోలిక కుటుంబం. మా దగ్గర 'మారుమనస్సు' కంటే 'హృదయ పరివర్తనం' ఎక్కువ వినిపిస్తుంది. గురువుల దగ్గరికి వెళ్ళి పాపాలు చెప్పుకోవడాన్ని పాపసంకీర్తనం అంటాం. పూజలో సుంకరిలాగే రొమ్ము తట్టుకునే ప్రార్థన కూడా ఉంది. అన్నీ ఉన్నాయి అన్నగారూ, అయినా మనసు తప్పించుకుంటుంది. నా సంగతే చెప్తాను. మా తోడికోడలి మీద కోపం గురించి పాపసంకీర్తనం చేద్దామని వెళ్ళాను. నోరు తెరిస్తే ఆవిడ ఏమంది, ఏం చేసింది, పెళ్ళిలో ఎలా మాట్లాడింది, అవే వచ్చాయి. గురువుగారు అంతా విని "అమ్మా, ఇప్పటిదాకా ఆమె పాపాలు చెప్పావు. నీవి చెప్పు" అన్నారు. నాకు ఒక్క మాట రాలేదు.

మర్రిపాలెం:
చెల్లెమ్మా, ఇంత దాపరికం లేకుండా చెప్పినందుకు మీకు దండం.

ఆ గురువుగారు అడిగినది, పరాయివాడి భార్యను తీసుకున్న దావీదు రాజును ప్రవక్త నాతాను అడిగిన దారిలోనే ఉంది. పేదవాడి ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ వినగానే దావీదు మండిపడ్డాడు, అలా చేసినవాడు చావుకు తగినవాడన్నాడు. పక్కవాడి పాపం మీద కోపం వచ్చినప్పుడు మన పాపం మనకు కనబడదు. "ఆ మనుష్యుడవు నీవే" అన్నాక గానీ అతని నోట "నేను పాపముచేసితిని" రాలేదు.

ఆ 'నేను' చూడండి. ఆదివారం సంఘప్రార్థనలో "మా పాపములు క్షమించుము తండ్రీ" అని అందరం అంటాం. అనాలి కూడా. కానీ 'మా' అన్న బహువచనంలో ఎవరికి వారు దాక్కోవచ్చు. "మనమంతా పాపులమే కదండీ" అన్న మాట మన సంఘాల్లో ఎంత సులువుగా వస్తుందో! "మా అన్నదమ్ముల పంపకంలో ఆ ఇంటిస్థలం నేను అన్యాయంగా రాయించుకున్నాను" అన్న మాట వినడానికి ఏళ్ళు పడుతుంది. ఇదే లూకా సువార్తలో యేసును ఇంట్లో చేర్చుకున్న జక్కయ్య రెండోరకం మాట అన్నాడు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అతనూ సుంకరే, అందులోనూ పెద్ద సుంకరి.

సీతమ్మధార:
నేను క్రైస్తవుణ్ణి కాను, తెలుగు మీద ఇష్టంతో చదువుతున్నాను. ఈ కథ మొత్తం ఇప్పుడే చదివాను. నమ్ముకొని, కొట్టుకొనుచు, హెచ్చించుకొనువాడు, తగ్గించుకొనువాడు. మనిషి చేసే పనులకు 'కొను' చేరింది. దేవుడి వైపు నుంచి జరిగేవి చూస్తే 'తీర్చబడి', 'తగ్గింపబడును', 'హెచ్చింపబడును'. అనువాదకులు కావాలని చేశారో, తెలుగు తనంతట తాను అలా పలికిందో గానీ చాలా బాగుంది. ఒక్క ప్రశ్న. తనను తాను నమ్ముకోవడం మంచిదే కదండీ? పిల్లలకు ఆత్మవిశ్వాసం ఉండాలని చెప్తాం. అది తప్పెలా అవుతుంది?

మర్రిపాలెం:
చాలా మంచి గమనిక సార్. ఇన్నేళ్ళుగా చదువుతున్నా ఈ 'కొను', 'బడు' జత నా కంట పడలేదు. సుంకరి చేసిన 'కొట్టుకొనుట' కూడా అతన్ని నీతిమంతుణ్ణి చేయలేదు, అతను 'తీర్చబడ్డాడు'. తెలుగులో కర్మణి ప్రయోగం కృతకంగా ఉంటుందని మనం ఇక్కడే ఎన్నోసార్లు అనుకున్నాం. ఇక్కడ మాత్రం అది లేకపోతే అర్థమే పోతుంది.

పరీక్ష రాసే పిల్లకు ధైర్యం వేరు, దేవుడి ముందు లెక్క చెప్పే చోట తన ఖాతాను నమ్ముకోవడం వేరు. వాక్యంలో 'తామే నీతిమంతులని' అని ముందే ఉంది. ఇది యేసు ఒక్కరే చెప్పింది కూడా కాదు. ఆయనకు ఒక తరం ముందున్న యూదు గురువు హిల్లేలు "చనిపోయే రోజు వరకూ నిన్ను నువ్వు నమ్ముకోకు" అన్నట్టు యూదు పెద్దల సూక్తుల పుస్తకం 'పిర్కే అవోత్'లో ఉంది. ఆ హిల్లేలును పరిసయ్యుల సంప్రదాయం తన పెద్దల్లో ఒకడిగా చెప్పుకుంటుంది. అందుకే 'పరిసయ్యుడు' అన్న మాటను మన ప్రసంగాల్లో తిట్టుగా వాడుతుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ జబ్బు ఒక జాతిది కాదు, ఏ బలిపీఠం దగ్గరైనా వస్తుంది.

భీమిలి:
మా తాతముత్తాతలు దొరల కాలంలోనే బాప్తిస్మం తీసుకున్నారు. ఇంట్లో చిన్నప్పటి నుంచీ విన్న మాట "మనం నాలుగో తరం క్రైస్తవులం". దాన్ని కూడా ఈ లెక్కలోకి తెస్తారా మాస్టారూ? ఇంకోటి, 'తనలోతాను ప్రార్థించుచుండెను' అంటే మనసులో అనుకున్నాడనేనా?

మర్రిపాలెం:
మొదటిదానికి నేను చెప్పేకంటే బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పిందే వినండి. "అబ్రాహాము మాకు తండ్రి అని మీలో మీరు చెప్పుకొనతలంచవద్దు." యొర్దాను దగ్గరికి వచ్చిన పరిసయ్యులతో, సద్దూకయ్యులతో అన్నాడు. వంశాన్ని గౌరవించడం తప్పు కాదు, నేనూ గౌరవిస్తాను. కానీ నాలుగో తరం అన్న మాట ఏ సందర్భంలో నోటికొస్తుందో చూసుకోండి. ఒక సంఘంలో నేను కళ్ళారా చూశాను. తాగుడు మానేసి భార్యాపిల్లలతో తిరిగి వచ్చిన ఒకాయన చివరి బెంచీలో కూర్చున్నాడు, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని, పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని. ముందు వరుసలో ఒక పెద్దాయన పక్కాయనతో "మేము తరతరాల నుంచీ ఉన్నాం, ఇలాంటివాళ్ళు ఎందరొచ్చి పోయారో" అన్నాడు. వెనక్కి వినబడేలా అన్నాడు. తప్పిపోయిన కుమారుడి కథలో, ఆస్తి పాడుచేసుకుని తిరిగొచ్చిన చిన్నవాణ్ణి తండ్రి చేర్చుకున్నప్పుడు, పెద్దవాడు "ఈ నీ కుమారుడు" అంటాడు గానీ "నా తమ్ముడు" అనడు. పనివాడు "నీ తమ్ముడు" అన్నాడు, తండ్రీ "ఈ నీ తమ్ముడు" అన్నాడు. పెద్దవాడి నోట ఆ వరస రాలేదు. "ఇన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" అన్నది మాత్రం వచ్చింది.

'తనలోతాను' గురించి. గ్రీకులో ఆ మాటను 'నిలువబడి' అన్నదానికి కలిపితే, అందరికీ ఎడంగా ఒంటరిగా నిలబడ్డాడని వస్తుంది. 'ప్రార్థించుచుండెను'కు కలిపితే తనలో తాను, తనతో తాను అని వస్తుంది. పండితులు రెండు రకాలుగానూ చెప్పారు. మన తెలుగు రెండోదాన్ని తీసుకుంది. మనసులో అనుకోవడమే వాచ్యార్థం, అంతకుమించి లాగను.

జ్ఞానాపురం:
అన్నగారూ, సుంకరి "కరుణించుము" అన్నాడు. "క్షమించుము" అని ఎందుకనలేదు?

మర్రిపాలెం:
ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను చెల్లెమ్మా. అక్కడున్న గ్రీకు క్రియ మామూలుగా జాలిపడమనే మాట కాదు, ప్రాయశ్చిత్తానికి సంబంధించిన మాట. దేవుడి ఆజ్ఞల పలకలు ఉంచిన మందసం (పెట్టె) మీది మూతకు గ్రీకులో వాడిన పదం కూడా ఆ కుటుంబంలోదే. ఆ మూతను తెలుగు బైబిల్లో 'కరుణాపీఠము' అన్నారు. 'కరుణించుము', 'కరుణాపీఠము' – మూలంలో ఉన్న చుట్టరికం తెలుగులోనూ నిలిచింది.

ఆ పీఠం దగ్గరికి ప్రధానయాజకుడు ఏడాదికి ఒక్క రోజే, ప్రాయశ్చిత్త దినాన, రక్తం తీసుకుని వెళ్ళేవాడు. లేవీయకాండం 16వ అధ్యాయం చూడండి. ప్రజల కోసం మేకను వధించే ముందు, తన కోసం, తన ఇంటివారి కోసం కోడెను అర్పించాలి. దేశంలోకెల్లా పవిత్రమైన పని చేసే మనిషికి కూడా ముందు తన పాపం సంగతి చూసుకోమని ఆజ్ఞ. ధర్మశాస్త్రం విధించిన ఆ ఒక్క ఉపవాసం ఆ రోజుదే. పరిసయ్యుడు వారానికి రెండు చొప్పున ఏడాదికి వందకు పైగా ఉపవాసాలు చేస్తూ, ఆ ఒక్క ఉపవాసం దేనికోసమో వదిలేశాడు. దూరంగా నిలబడ్డ సుంకరి ఆ రోజు అడగాల్సిన మాటనే అడిగాడు.