అప్‌డేట్: ఫీజు రీయింబర్స్‌మెంట్ లిస్టులో మా తమ్ముడి పేరు ఎందుకు పోయిందో తెలిసింది

గత ఏడాది ఫీజు వచ్చింది, ఈసారి అనర్హుడని ఎందుకు చూపిస్తోందని అడిగాను కదా. ఆదాయం 2.5 లక్షల లోపే, అటెండెన్స్ కూడా 75 శాతం దాటింది, అయినా టెన్షన్. గాజువాకలో మా వార్డు సచివాలయానికి వెళితే కంప్యూటర్‌లో ఆధార్ కొట్టి, "మీ నాన్నగారి పేరు మీద కారుంది కదమ్మా" అన్నారు. కారా! ఎప్పుడో అనకాపల్లి ఆయనకి అమ్మేసిన పాత మారుతి అది, ఆయన ఆర్‌సీ మార్చుకోలేదు. ఇంట్లో కారుంటే ఈ ఫీజు రాదట. ట్యాక్సీ అయితే మినహాయింపు ఉందట, మాది సొంత వాడకం కారు. కొన్నాయన్ని బతిమాలి, బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించాం, పేరు మారింది, మళ్లీ అర్జీ పెట్టాం. నాన్న మాత్రం ఆ కారు ఊసెత్తితే టీవీ సౌండ్ పెంచుతున్నారు. ఇంకా పెండింగే.