వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లకు ఒకే స్టోరేజ్: ఒకే లన్‌ను విండోస్‌కూ లినక్స్‌కూ ఇవ్వవచ్చా?

తుంగభద్ర (ప్రశ్న):

మా డేటా సెంటర్‌లో ఏఐఎక్స్ (ఐబీఎం వారి ఆపరేటింగ్ సిస్టమ్) మీద నడిచే డేటాబేస్ సర్వర్లు 2, లినక్స్ సర్వర్లు 18, విండోస్ సర్వర్లు 12 ఉన్నాయి. ఏ సర్వర్ డిస్కులు ఆ సర్వర్‌కే పరిమితం కావడంతో ఒకచోట సగానికి పైగా ఖాళీగా పడి ఉంటే, మరోచోట ప్రతి నెలాఖరుకూ పాత లాగ్ ఫైళ్లు తీసేసి చోటు చేసుకోవలసి వస్తోంది. అందుకే అనేక డిస్కులను ఒకచోట ఉంచే స్టోరేజ్ అరే ఒకటి కొని, రెండు ఫైబర్ ఛానెల్ (స్టోరేజ్ కోసం వాడే నెట్‌వర్క్) స్విచ్‌ల ద్వారా అన్ని సర్వర్లనూ దానికి కలపాలని నిర్ణయించాము.

నా సందేహం రసీదుల గురించి. రాత్రిపూట లినక్స్ సర్వర్ తయారుచేసే పీడీఎఫ్ రసీదులను పగలు విండోస్ సర్వర్లు చదవాలి. 2021లో వచ్చిన 5.15 కెర్నల్ నుంచి లినక్స్‌లోనే విండోస్ ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే విధానం) అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు రాయగల డ్రైవర్ ఉంది కాబట్టి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్ చేసిన ఒకే లన్‌ను (సర్వర్‌కు ఒక డిస్కులా కనిపించేలా అరే కేటాయించే భాగాన్ని) రెండు వైపులా చూపించి, విండోస్‌కు చదివే అనుమతి మాత్రమే ఇస్తే సరిపోతుందా?

పినాకిని:

సరిపోదండి. మొదటి కొద్ది రోజులు అంతా సవ్యంగానే కనిపిస్తుంది కనుక ఇది మరింత ప్రమాదకరం.

ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ, లినక్స్ వాడే ఎక్స్‌ఎఫ్‌ఎస్ గానీ, ఏఐఎక్స్ వాడే జేఎఫ్‌ఎస్2 గానీ, ఆ డిస్కును తాను తప్ప మరెవరూ ముట్టుకోరనే నమ్మకంతో పనిచేస్తాయి. ఏ ఫైలు ఏ బ్లాకుల్లో ఉందో ఒకసారి చదివిన సర్వర్ ఆ వివరాన్ని తన మెమరీలో దాచుకుంటుంది. అటువైపు లినక్స్ ఆ బ్లాకులను వేరే ఫైలుకు కేటాయించినా ఇటువైపు విండోస్‌కు ఆ సంగతి చెప్పేవారు ఉండరు. అప్పుడు ఒక రసీదు తెరిస్తే మరొక రసీదులోని ముక్క రావచ్చు. విండోస్ వైపు కూడా రాసే అనుమతి ఉంటే ఫైల్ సిస్టమే పాడవుతుంది.

అరేను పంచుకోవడం వేరు, లన్‌ను పంచుకోవడం వేరు, ఫైలును పంచుకోవడం వేరు. మీ డేటాబేస్‌లకు మొదటిది చాలు: ప్రతి లన్‌కూ ఒకే యజమాని. ఒకే లన్‌ను పలు సర్వర్లు నిజంగా పంచుకోవాలంటే ఒకరు రాస్తుండగా మరొకరు రాయకుండా ఆపే తాళాలను సమన్వయం చేసే క్లస్టర్ ఫైల్ సిస్టమ్ కావాలి. జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 లినక్స్ సర్వర్ల మధ్యనే పనిచేస్తాయి. ఒకప్పుడు జీపీఎఫ్‌ఎస్ అని పిలిచిన ఐబీఎం స్టోరేజ్ స్కేల్ మీ దగ్గరున్న మూడింటి మీదా నడుస్తుంది గానీ, రసీదుల కోసం దానికి లైసెన్సు కొని పోషించడం నాకు సమంజసంగా తోచదు. ఆ లన్‌ను ఒక లినక్స్ సర్వర్‌కే ఇచ్చి, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్ చేసి, విండోస్ యంత్రాలకు సాంబా (లినక్స్ ఫైళ్లను నెట్‌వర్క్ మీద విండోస్‌కు అందించే సాఫ్ట్‌వేర్) ద్వారా షేర్ చేయండి. ఫైల్ సిస్టమ్‌ను ముట్టుకునే చేయి అప్పుడు ఒక్కటే అవుతుంది.

పాత_ర్యాక్:

పినాకిని గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, మాస్కింగ్ (ఏ లన్ ఏ సర్వర్‌కు కనిపించాలో అరేలో నిర్ణయించడం) గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. నేను గతంలో పనిచేసిన చోట అరేలో హోస్ట్ గ్రూపు (లన్ కనిపించవలసిన సర్వర్ల జాబితా) తప్పుగా ఎంచుకోవడం వల్ల, లినక్స్ సర్వర్‌కు చెందిన లన్ ఒక విండోస్ సర్వర్‌కు కూడా కనిపించింది. అక్కడి ఉద్యోగి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే, కొత్త డిస్కు ఉంది, ఇనిషియలైజ్ చేయాలా అని పెట్టె వచ్చింది. ఆయన జీపీటీ (డిస్కు విభాగాల పట్టిక) ఎంచుకొని ఓకే నొక్కారు. జీపీటీ హెడర్ కూర్చునేది రెండో సెక్టార్‌లో, డిస్కులను వాల్యూమ్ గ్రూపులుగా కలిపి నిర్వహించే లినక్స్ ఎల్‌వీఎం తన లేబుల్ రాసుకునేదీ సాధారణంగా అక్కడే. లినక్స్ మాత్రం మెమరీలో ఉన్న వివరాలతో నడుస్తూనే ఉంది. కొన్ని వారాల తర్వాత రీబూట్ చేసినప్పుడు గానీ వాల్యూమ్ గ్రూపు మాయమైన సంగతి బయటపడలేదు.

జీపీటీ మొదట్లో రాసేది 17 కిలోబైట్లు మాత్రమే, ఎల్‌వీఎం అసలు డేటా మొదలయ్యేది 1 మెగాబైట్ దగ్గర కాబట్టి సమాచారం పోలేదు. లినక్స్ సెట్టింగులుండే ఈటీసీలోని ఎల్‌వీఎం బ్యాకప్ ఫోల్డర్‌లో ఉన్న పాత వివరాల నుంచి, అదే యూయూఐడీ (గుర్తింపు సంఖ్య)తో ఫిజికల్ వాల్యూమ్‌ను (ఎల్‌వీఎం వాడే డిస్కును) మళ్లీ సృష్టించి వాల్యూమ్ గ్రూపును పునరుద్ధరించాము. అక్కడ క్విక్ ఫార్మాట్ కూడా చేసి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

కాబట్టి జోనింగ్‌లో (స్విచ్‌లో ఏ పోర్టు ఏ పోర్టును చూడగలదో నిర్ణయించేటప్పుడు) ఒక్కో జోన్‌కు ఒకే సర్వర్ పోర్టు పెట్టండి. అరేలో హోస్ట్ రకాన్ని విండోస్, లినక్స్, ఏఐఎక్స్ అని విడివిడిగా నమోదు చేయండి. విండోస్ సర్వర్లలో డిస్క్‌పార్ట్ అనే ఆదేశం ద్వారా శాన్ (స్టోరేజ్ నెట్‌వర్క్) పాలసీని ఆఫ్‌లైన్ షేర్డ్ అని పెడితే, పొరపాటున కనిపించిన శాన్ డిస్కు దానంతట అది ఆన్‌లైన్‌లోకి రాదు.

తుంగభద్ర:

ఇద్దరికీ కృతజ్ఞతలు. సాంబా దారిలోనే వెళతాము. రసీదుల పేర్లలో ఊరి పేరు తెలుగులో ఉంటుంది, సమయం 10:45 అన్నట్టు ఉంటుంది. వీటితో ఇబ్బంది ఏమైనా వస్తుందా?

పినాకిని:

కోలన్ తీసేయండి. లినక్స్ ఆ గుర్తును ఫైలు పేరులో ఒప్పుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. అందువల్ల సాంబా ఆ పేరును గుర్తుపట్టలేని పొట్టి పేరుగా మార్చి చూపిస్తుంది. 10-45 అని రాయడం మేలు. పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు ఉంటే, పెద్ద, చిన్న అక్షరాల తేడాతో మాత్రమే వేరయ్యే రెండు ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో లేకుండా చూసుకోండి. సగం రాసిన పీడీఎఫ్‌ను ఎవరూ తెరవకుండా, ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అదే ఫోల్డర్‌లో పేరు మార్చండి.

తెలుగు పేర్ల విషయంలో చూడవలసినది ఐత్వం. హైదరాబాద్ అన్న పేరులోని ఐత్వానికి యూనికోడ్‌లో ఒకే సంకేతం ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం, దాని కింది గుర్తు అని రెండు సంకేతాలుగా కూడా రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, యూటీఎఫ్-8లో మాత్రం ఒకటి 3 బైట్లు, మరొకటి 6 బైట్లు. మీ డిజైన్ విభాగంలో హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ (మ్యాక్‌ల పాత ఫైల్ సిస్టమ్) డిస్కులున్న పాత మ్యాక్‌లు ఉంటే అవి విడదీసిన రూపాన్నే దాచుకుంటాయి. అక్కడి నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా వచ్చిన ఫైలూ, లినక్స్ రాసిన ఫైలూ ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండుగా కనిపిస్తాయి. అలాంటివి ఉంటే కాన్‌వ్ఎంవీ అనే పరికరంతో పేర్లన్నిటినీ ఎన్‌ఎఫ్‌సీ (ఒకే సంకేతంగా కలిపిన) రూపంలోకి మార్చి, ఆ తర్వాతే షేర్ తెరవండి.