నెట్‌లో వచ్చిన వ్యాసానికి ప్రమోషన్‌లో మార్కులివ్వాలా, వద్దా?

తెలుగు_శాఖ (చర్చ మొదలుపెట్టినవారు)

కోస్తాలో ఒక యూనివర్సిటీలో పనిచేస్తున్నాను. అసోసియేట్ ప్రొఫెసర్‌ పోస్టుకి క్యాస్ (ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ప్రమోషన్ ఇచ్చే పథకం) కింద ఫైలు పెట్టుకున్నాను. 2018 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం మొత్తం ఏడు పబ్లికేషన్లు ఉండాలి, వాటిలో మూడు ఈ అసెస్‌మెంట్ పీరియడ్‌లోవే కావాలి. నా మూడింటిలో రెండు ఒక ఇంటర్నెట్ పత్రికలో వచ్చాయి. దానికి ఐఎస్ఎస్ఎన్ (పత్రికల గుర్తింపు నంబరు) ఉంది. వేసుకునే ముందు ఇద్దరు రివ్యూయర్లు, అంటే ఆ విషయం తెలిసిన నిపుణులు, చదివారు. ఒకాయనైతే ఛందస్సు మీద నేను రాసిన భాగాన్ని మొత్తం తిరగరాయించారు. ఆ మెయిల్స్ అన్నీ దాచుకున్నాను.

స్క్రూటినీలో ఫైలు తిరగేసిన పెద్దాయన అన్నది ఒకటే మాట: "ఇవి నెట్‌లో పెట్టినవి కదమ్మా, పత్రిక ఏదీ?" రెండూ కొట్టేశారు.

అదే ఫైల్లో ఒక సెమినార్ సంచికలో వచ్చిన వ్యాసం కూడా ఉంది. సెమినార్‌కి కొద్ది రోజుల ముందు మెయిల్ చేశాను, సెమినార్ రోజు పుస్తకం ఆవిష్కరించేశారు. మధ్యలో ఎవరూ చదివిన జాడ లేదు. నేను చేసిన అచ్చుతప్పులు చెక్కుచెదరకుండా నా చేతికే తిరిగొచ్చాయి. కానీ దానికి ఐఎస్‌బీఎన్ (పుస్తకాల గుర్తింపు నంబరు) ఉంది, అట్ట ఉంది. పుస్తకంలో అధ్యాయం కింద ఐదు మార్కులు పడ్డాయి.

ఎలక్ట్రానిక్ ప్రచురణని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది మన దగ్గర ఇంకా తేలని విషయమేనా? మిగతా యూనివర్సిటీల్లో ఏం చేస్తున్నారు?

మాజీ_ప్రొఫెసర్

అమ్మా, మీ వ్యాసాలు మంచివే అయ్యుండొచ్చు. కానీ కమిటీలో కూర్చున్నవాడి వైపు నుంచీ ఒకసారి చూడండి. నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. ఫైలు తెరిస్తే పేరులో "ఇంటర్నేషనల్ జర్నల్" అని ఉన్న నెట్ జర్నళ్లే బొచ్చెడు. డబ్బు కడితే రెండు రోజుల్లో ఆమోదం, వ్యాసంతో పాటు రంగురంగుల సర్టిఫికెట్. తెలుగు వ్యాసాన్ని ఇంజనీరింగ్ జర్నల్లో వేయించుకున్నవాళ్లనీ చూశాను. ఎడిటోరియల్ బోర్డులో ఒక్కరికీ తెలుగు రాదు.

ఇది నా ఒక్కడి అనుమానం కాదు. యూజీసీ తాను ఆమోదించిన జాబితాలోంచి తానే 2018 మే నెలలో 4,305 జర్నళ్లను ఒక్క దెబ్బకు తీసేసింది. మన హైదరాబాద్ కేంద్రంగా నడిచిన జర్నళ్ల సంస్థ ఒమిక్స్ సంగతి అందరికీ తెలుసు. సరైన పీర్ రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) లేకుండానే ఉందని చెప్పుకున్నారని, ఫీజు సంగతి దాచారని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ఇలాంటివి చూశాక కమిటీ "అచ్చు కాపీ చూపించు" అంటే తప్పేముంది? అచ్చు వేయాలంటే కనీసం కాగితం ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చే కొంతమందిని ఆపుతుంది.

ఫిజిక్స్_మాస్టారు

మాజీ గారూ, కాగితం ఖర్చే క్వాలిటీ కంట్రోల్ అయితే పెళ్లి శుభలేఖలకి కూడా పదేసి మార్కులు ఇవ్వాలండీ.

మా వాళ్లకు ఈ గొడవే విడ్డూరంగా ఉంటుంది. ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందు వ్యాసాలు) పెట్టే ఆర్‌కైవ్ సర్వర్ 1991లో మొదలైంది. జర్నల్ ఆఫ్ హై ఎనర్జీ ఫిజిక్స్ 1997లో పుట్టడమే ఎలక్ట్రానిక్ జర్నల్‌గా పుట్టింది. లెక్కల్లో పెరెల్మాన్ ఉన్నాడు. పాయింకరే కంజెక్చర్ అనే పాత చిక్కుముడికి నిరూపణ 2002, 2003 సంవత్సరాల్లో ఆర్‌కైవ్‌లో పెట్టి ఊరుకున్నాడు, ఏ జర్నల్‌కీ పంపలేదు. 2006లో లెక్కల్లో పెద్ద గౌరవమైన ఫీల్డ్స్ మెడల్ ఇస్తామంటే వద్దన్నాడు. మన స్క్రూటినీకి వస్తే ఆ మూడు పేపర్లకీ సున్నాయే.

మాజీ_ప్రొఫెసర్

పెరెల్మాన్ క్యాస్‌కి అప్లై చేయలేదు లెండి. అయినా మీ ఉదాహరణలోనే నా జవాబుంది. ఆయన పెట్టిన పేపర్లను ప్రపంచంలోని పెద్ద పెద్ద గణితవేత్తలు ఏళ్ల తరబడి పంక్తి పంక్తీ సరిచూశారు. మా శాఖలో ఎవరైనా నెట్‌లో శతక సాహిత్యం మీద వ్యాసం పెడితే దాన్ని సరిచూసేదెవరు? కింద "చాలా బాగుంది సార్" అని కామెంట్లు వస్తాయి. అది రివ్యూ కాదు.

లైబ్రరీ_కౌంటర్

నిబంధన ఏం చెబుతుందో ముందు చూద్దాం. సగం గొడవ అక్కడే తీరుతుంది.

2018 నిబంధనల్లోని రెండో టేబుల్‌లో ఉన్నది "పీర్ రివ్యూ చేసిన లేదా యూజీసీ జాబితాలోని జర్నళ్లలో పరిశోధన పత్రాలు" అని. సైన్స్ వాళ్లకి పత్రానికి 8, భాషలూ సామాజిక శాస్త్రాల వాళ్లకి 10. అచ్చులోనే ఉండాలన్న షరతు అందులో లేదు. పైగా అదే టేబుల్‌లో నాలుగు క్రెడిట్ల మూక్ (ఎవరైనా చేరగల ఆన్‌లైన్) కోర్సు మొత్తం తయారుచేస్తే 20 మార్కులు, పూర్తి కోర్సుకి ఈ-కంటెంట్ గానీ ఈ-బుక్ గానీ చేస్తే 12. అంటే వీడియో పాఠం ఎలక్ట్రానిక్ అయితే ఇబ్బంది లేదు, పరిశోధన వ్యాసానికి వచ్చేసరికే మన కమిటీకి కాగితం కావాలి.

ఐఎస్ఎస్ఎన్ విషయంలో రెండు పక్షాలూ పొరబడుతున్నాయి. అది పత్రికను గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరు, నాణ్యతకి పూచీ కాదు. అచ్చు పత్రికకి ఒకటి, ఆన్‌లైన్ రూపానికి వేరొకటి ఇస్తారు. ఏది దేనిదో ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఉచితంగా చూడొచ్చు.

ఇక అచ్చే భద్రం అనే మాట. యూజీసీ గుర్తించిన జర్నళ్ల కేర్ జాబితా ఉన్న రోజుల్లో క్లోన్ జర్నళ్ల బెడద మా కౌంటర్ దగ్గరికి తరచూ వచ్చేది. వాటికి ఎక్కువ దొరికిపోయినవి భారతీయ భాషల్లోనూ హ్యుమానిటీస్‌లోనూ పాతకాలం నుంచి గౌరవంగా నడుస్తూ సొంత వెబ్‌సైట్ లేని అచ్చు పత్రికలు. ఎవడో అదే పేరు, అదే ఐఎస్ఎస్ఎన్ పెట్టి సైట్ తెరుస్తాడు, డబ్బు తీసుకుని వ్యాసాలు వేస్తాడు. అసలు పత్రిక ఎడిటర్‌కి ఆ సంగతే తెలియదు. ఆ పత్రికకి నెట్‌లో చిరునామా ఉంటే మోసం ఒక్క క్లిక్‌లో బయటపడేది.

పరిశోధక_విద్యార్థి

లైబ్రరీ సార్ చెప్పినదానికి నా వైపు నుంచి ఒకటి. తెలుగు పరిశోధన పత్రికలు చాలావరకు అను ఫాంట్స్‌లో పేజీలు కడతాయి. పీడీఎఫ్ దొరికినా అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేస్తే తెలుగు రాదు. నెత్తిన చుక్కలూ తోకలూ ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో డాలర్ గుర్తులు వస్తాయి. కాబట్టి గూగుల్‌లో "యక్షగానం" అని వెతికితే ఆ వ్యాసం ఎప్పటికీ దొరకదు. ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని చదవలేదు. యూజీసీ నిబంధనల్లో పోలిక 10 శాతం దాటితే చర్య ఉంటుంది. ఈ ఫాంట్‌లో ఉన్న వ్యాసాన్ని మొత్తం ఎత్తేసి టైపు చేసుకున్నా రిపోర్టులో సున్నా శాతమే చూపిస్తుంది. మా సీనియర్ ఒకాయన వ్యాసం ఇలాగే ఇంకో సంచికలో ఇంకో పేరుతో తేలింది, చేత్తో పక్కపక్కన పెట్టి చూస్తే గానీ తెలియలేదు.

యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా చదవగల పద్ధతిలో, ఉన్న వెబ్ పత్రికలో దొంగతనం చేయడం కష్టం. ఎవరో ఒకరు పట్టేస్తారు. మాజీ సార్ చెప్పిన భయానికి మందు నెట్‌లోనే ఉందేమో ఆలోచించండి.

మాజీ_ప్రొఫెసర్

బాబూ, ఫాంట్ సంగతి ఒప్పుకుంటాను. కానీ నిలకడ మాటేమిటి? భారతి సాహిత్య పత్రిక 1924లో మొదలైంది, 1991లో ఆగిపోయింది. ఇవాళ ఏ పాత లైబ్రరీకి వెళ్లినా 1930ల సంచికలు తీసి చదవొచ్చు. డొమైన్ డబ్బు కట్టడం మానేస్తే మీ వెబ్ పత్రిక రేపటికి ఉంటుందా? ఉద్యోగం ముప్పై ఏళ్లు, ప్రమోషన్‌కి ఆధారంగా చూపించిన వ్యాసం మూడేళ్లకే మాయమైతే ఎలా?

ఫిజిక్స్_మాస్టారు

మాజీ గారూ, భారతి సంచికలు మీరు ఈ మధ్య చదివింది లైబ్రరీలోనా, స్కాన్ కాపీల్లోనా? నిజం చెప్పండి.

లైబ్రరీ_కౌంటర్

నవ్వులాటకి బాగుంది గానీ మాజీ గారి ప్రశ్న సరైనదే. వెబ్ పత్రిక నడిపేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు. డీఓఐ (నెట్‌లో వ్యాసానికి ఇచ్చే శాశ్వత నంబరు) ఉంటే చాలనుకుంటారు. అది చిరునామా మాత్రమే. ఇల్లే కూలిపోతే చిరునామా ఏం చేసుకుంటాం? పత్రిక కాపీని వేరే చోట దాచే లాక్స్, పోర్టికో లాంటి ఏర్పాట్లు ఉన్నాయి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకైతే శోధగంగ అనే ఆన్‌లైన్ భండారం ఉంది, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ కేంద్రం చూసుకుంటుంది. పత్రికల వ్యాసాలకి అలాంటిది తప్పనిసరి చేయాలి. లెక్కలోకి రావాలంటే భద్రపరిచిన కాపీ ఎక్కడుందో చూపించమనండి, అది న్యాయమైన షరతు. కాగితం అడగడం కాదు.

అమెరికా_తెలుగు

ఇక్కడ మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీలో దక్షిణాసియా సాహిత్యం చెబుతాను. ఈ చర్చ ఇక్కడ పాతది. మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ వాళ్ల టాస్క్‌ఫోర్స్ 2006లో ఇచ్చిన రిపోర్టులో చూస్తే, డాక్టరేట్ ఇచ్చే సంస్థల్లోని శాఖల్లో 40.8 శాతానికి ఎలక్ట్రానిక్ రూపంలో వచ్చిన రిఫరీడ్ (రివ్యూ అయిన) వ్యాసాన్ని అంచనా వేసిన అనుభవమే లేదు. ఎలక్ట్రానిక్ మోనోగ్రాఫ్ (ఒకే విషయం మీద పరిశోధన పుస్తకం) అయితే 65.7 శాతానికి లేదు. డిజిటల్ పనిని ఎలా చూడాలో ఆ సంస్థ 2012లో మార్గదర్శకాలిచ్చింది, చరిత్రకారుల సంఘం 2015లో ఇచ్చింది.

కాగితం మీద అంతా బాగుంది. కానీ కొత్తగా చేరినవాళ్లకి సీనియర్లు చెవిలో చెప్పేది ఇప్పటికీ ఒకటే: ముందు యూనివర్సిటీ ప్రెస్‌లో పుస్తకం తెచ్చుకో, నీ డిజిటల్ ప్రాజెక్టు టెన్యూర్ (శాశ్వత ఉద్యోగం) వచ్చాక చూసుకుందువు గాని. ఎందుకంటే ఇక్కడ ఆరో ఏడాదికి టెన్యూర్ రాకపోతే ఉద్యోగమే పోతుంది. ఎవరు రిస్క్ తీసుకుంటారు? మీ దగ్గర ప్రొబేషన్ అయిపోతే ఉద్యోగం పదిలం, ఆగేది ప్రమోషనూ ఏరియర్సూ. ఆ లెక్కన ప్రయోగాలు చేయాల్సింది మీరే.

ఇక్కడ మెచ్చుకోవాల్సింది ఒకటుంది. బయటి యూనివర్సిటీల్లోని నిపుణులకి అభ్యర్థి రాసినవన్నీ పంపి, చదివి ఉత్తరం రాయమంటారు. వాళ్లు నిజంగా చదువుతారు. వ్యాసం వెబ్‌లో వచ్చిందా అచ్చులో వచ్చిందా అన్నది ఆ ఉత్తరంలో అర వాక్యం. మీ కమిటీలు కూడా మార్కులు కూడటం మానేసి చదవడం మొదలుపెడితే ఈ సమస్యే ఉండదు.

మాజీ_ప్రొఫెసర్

అమెరికా గారూ, చెప్పడం తేలిక. 2010లో ఏపీఐ మార్కులు, అంటే చేసిన పనిని అంకెల్లో లెక్కేసే పద్ధతి, ఎందుకొచ్చాయో గుర్తుందా? అంతకు ముందు "చదివి నిర్ణయించడం" పేరుతో ఎవరి మనుషులకి ఎవరు ప్రమోషన్లు ఇచ్చుకున్నారో మాకు తెలుసు. పది మార్కులంటే పది మార్కులే, అందులో మొహం చూడటానికి ఉండదు.

పరిశోధక_విద్యార్థి

ఈ విషయంలో నేను మాజీ సార్ పక్షం. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ని నేనే. నా తరఫున ఫోన్ చేసేవాళ్లు యూనివర్సిటీలో ఎవరూ లేరు. "మొత్తంగా చూసి గుణం బట్టి నిర్ణయిస్తాం" అంటే నాలాంటివాడికి టెన్షన్ మొదలవుతుంది. 2025 జనవరిలో యూజీసీ ఇచ్చిన ముసాయిదా అటువైపే వెళ్లింది. మార్కుల పట్టిక పోయి తొమ్మిది రకాల "చెప్పుకోదగ్గ కృషి" వచ్చింది. అందులో మూక్స్‌కి డిజిటల్ కంటెంట్ తయారుచేయడం ఒకటి, భారతీయ భాషల్లో బోధన ఒకటి. వినడానికి బాగున్నాయి. ఏది చెప్పుకోదగ్గదో తేల్చేది మళ్లీ ఆ నలుగురే కదా.

నాకు మార్కులే కావాలి. కాకపోతే వెబ్ పత్రికలో రివ్యూ అయిన వ్యాసానికీ అవే పది పడాలి. సెమినార్ సంచికకి ఐదు ఎందుకో ఎవరైనా చెప్పండి.

తెలుగు_శాఖ

సెమినార్ సంచిక మాట ఇంకెవరూ ఎత్తలేదేమిటా అని చూస్తున్నాను! మాజీ గారూ, మీరు దొంగ జర్నళ్ల గురించి చెప్పినవన్నీ నిజమే. కానీ డబ్బు కట్టి వేయించుకునే సంచికలు అచ్చులోనూ ఉన్నాయి. అట్ట మీద ఎడిటర్ల పేర్లు ఆరు, రిజిస్ట్రేషన్ ఫీజులోనే పుస్తకం ఖర్చు. దాన్ని చూసి "ఎవరు రివ్యూ చేశారు?" అని మీ కమిటీలో ఒక్కసారైనా ఎవరైనా అడిగారా? నెట్ వ్యాసం అనగానే ఆ ప్రశ్న గుర్తొస్తుంది. నా రెండు వ్యాసాలకి ఆ ప్రశ్నకి జవాబు మెయిల్స్ రూపంలో నా దగ్గరుంది. నన్నెవరూ అడగలేదు, అంతే.

మాజీ_ప్రొఫెసర్

అడగలేదమ్మా, నిజమే. అడిగితే సగం ఫైళ్లు ఆగిపోతాయి, అందరికీ తెలుసు. అలాగని కొత్తగా ఇంకో తలుపు తెరవమంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు. కానీ రివ్యూ మెయిల్స్ చూపించగలిగినవాళ్ల ఫైలు కొట్టేయడం అన్యాయం. అప్పీలు పెట్టుకోండి.

లైబ్రరీ_కౌంటర్

అప్పీల్‌లో ఇంకో పాయింట్ రాయండి. 2025 ఫిబ్రవరిలో యూజీసీ కేర్ జాబితాను ఎత్తేసి, జర్నళ్ల మంచిచెడ్డలు తేల్చుకోవడం సంస్థలకే వదిలింది. అందుకు సూచనగా కొన్ని ప్రమాణాలిచ్చింది. కాబట్టి మీ యూనివర్సిటీ ఏ ప్రమాణం ప్రకారం ఆ పత్రికని తోసిపుచ్చిందో లిఖితపూర్వకంగా అడగండి. నోటిమాట మీద వదలొద్దు.

జతచేయాల్సినవి: పత్రిక రివ్యూ విధానం ఉన్న పేజీ, ఎడిటోరియల్ బోర్డు పేజీ, ఐఎస్ఎస్ఎన్ పోర్టల్ రికార్డు, తేదీతో సహా వ్యాసం, రివ్యూ మెయిల్స్. ఎడిటర్ దగ్గర లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకోండి. అన్నీ ప్రింట్ తీయాల్సిందే మరి, వేరే దారి లేదు.

తెలుగు_శాఖ

థాంక్స్ అండీ. మెయిల్స్‌లో రివ్యూయర్ల పేర్లు కనిపిస్తున్నాయి. అలాగే ఇచ్చెయ్యనా?

లైబ్రరీ_కౌంటర్

వద్దు. పేర్లు, మెయిల్ ఐడీలు నల్ల మార్కర్‌తో కొట్టేసి జిరాక్స్ తీయించి ఆ జిరాక్సే ఇవ్వండి. ఒరిజినల్ మీద మార్కర్ వెలుతురుకి పెడితే కింద పేరు కనిపిస్తుంది. ఎవరు రివ్యూ చేశారో ఎడిటర్‌కి తెలుసు కాబట్టి, కమిటీ అడిగితే నేరుగా ధ్రువీకరిస్తామని ఆ లెటర్‌లోనే రాయించుకోండి. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవడం మర్చిపోకండి.