నియోస్ 2కి సొంత పీడబ్ల్యూఎమ్ కాంపోనెంట్ కలిపాను, రీడ్ చేస్తే పాత విలువ వస్తోంది

అందరికీ నమస్కారం. డీఈ10-లైట్ అనే ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనమే మార్చుకోగల చిప్) బోర్డు మీద, క్వార్టస్‌లోని ప్లాట్‌ఫామ్ డిజైనర్ టూల్‌లో నియోస్ 2 (ఆ చిప్ లోపలే కట్టుకునే ప్రాసెసర్) సిస్టమ్ కట్టుకుంటున్నాను. ఎల్ఈడీ వెలుతురు తగ్గించి పెంచడానికి వెరిలాగ్‌లో ఒక పీడబ్ల్యూఎమ్ (వేగంగా ఆన్-ఆఫ్ చేసి సగటు వెలుతురు మార్చే) బ్లాక్ రాసి, అవలాన్ స్లేవ్‌గా, అంటే ప్రాసెసర్ అవలాన్ బస్ మీదుగా చదివి రాయగలిగే భాగంగా కలిపాను. రిజిస్టర్లు రెండే: 0లో పీరియడ్ (ఒక ఆన్-ఆఫ్ చక్రం పొడవు), 1లో డ్యూటీ (అందులో ఆన్‌లో ఉండే భాగం).

రాయడం బాగానే ఉంది. పీరియడ్ 1000 పెట్టి డ్యూటీ 250 నుంచి 900కి మారిస్తే ఎల్ఈడీ వెలుతురు కళ్ల ముందే పెరుగుతుంది. చదివేటప్పుడే తేడా. రీసెట్ అయ్యాక మొదట పీరియడ్ చదివితే 0 వస్తుంది, వెంటనే డ్యూటీ చదివితే 1000 వస్తుంది. అంటే ప్రతిసారీ ఒక అడుగు వెనక ఉంటోంది. రిజిస్టర్ నంబర్ ఇస్తే అడ్రస్ తానే లెక్కేసే ఐఓఆర్‌డీ మాక్రోతోనే చదువుతున్నాను కాబట్టి ఆఫ్‌సెట్ లెక్క తప్పే అవకాశం లేదనుకుంటున్నా.

నా కోడ్‌లో రీడ్ సిగ్నల్ హైగా ఉన్నప్పుడు, క్లాక్ అంచు మీద రీడ్‌డేటా మారుతుంది. కాంపోనెంట్ ఎడిటర్‌లో రీడ్ వెయిట్ (రీడ్ సిగ్నల్‌ని అదనంగా పట్టి ఉంచే క్లాక్‌లు) 0, రీడ్ లేటెన్సీ (రీడ్ అంగీకరించాక డేటా వచ్చేదాకా పట్టే క్లాక్‌లు) 0 ఉన్నాయి. అసలు అనుమానం ఇక్కడే.

రీడ్ లేటెన్సీ 1 చేయాలా, రీడ్ వెయిట్ 1 చేయాలా? లేక క్లాక్ లేకుండా రీడ్‌డేటాని నేరుగా ఇవ్వడమే మంచిదా? తర్వాత ఇంకో పది రిజిస్టర్లు కలపాలి, అందుకే ఇప్పుడే సరైన పద్ధతి పట్టుకోవాలని ఉంది. ఇంకొకటి, ఈ టైమింగ్ మారిస్తే హెచ్‌డీఎల్ మళ్లీ జనరేట్ చేసి క్వార్టస్‌లో కంపైల్ చేస్తే సరిపోతుందా, బీఎస్‌పీ (ఈ సిస్టమ్‌కి తగ్గ డ్రైవర్లు, హెడర్ ఫైళ్లు ఉండే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ) కూడా మళ్లీ చేయాలా? చేసి చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి, ప్లీజ్.