ఈ వారం సమస్య: బట్టలమ్ము వాని కొడుకు బట్ట విడిచె

సంచాలకుడు: ఇటలీకి చెందిన క్రైస్తవ సాధువు అసిసి ఫ్రాన్సిస్ చరిత్ర చదువుతుంటే ఈ పాదం దానంతటదే వచ్చింది. తండ్రి పియెత్రో బెర్నార్దోనె పేరుమోసిన బట్టల వర్తకుడు. తండ్రి ఇచ్చిన బట్టలు కూడా విడిచేసిన కొడుకు సంగతి మీకు తెలిసిందే. ఆ మహనీయుడు 1226లో కన్నుమూసి 2026తో 800 ఏళ్లు. పూరణలు అసిసి దాటి వెళ్లకూడదు. గోపికలను, దిగంబరులను పిలవకండి.

కృష్ణాతీరం:
గుఱ్ఱమును బట్ట నమ్మి యా గుడికి నిచ్చి
బిషపు సన్నిధిఁ దగవుకుఁ బిలువఁ దండ్రి
"నాకుఁ దండ్రి యాకసమున నాథుఁ" డనుచు
బట్టలమ్ము వాని కొడుకు బట్ట విడిచె

పద్యపథికుడు: మూడో పాదం బాగుంది. మొదటి పాదంలో "నిచ్చి" కుదరదు. సాన్ దమియానో గుడి పూజారి తండ్రికి భయపడి ఆ సొమ్ము ముట్టనే లేదు, ఫ్రాన్సిసే దాన్ని కిటికీలో పడేశాడు. "గుడికి నొసఁగ" అంటే సరిపోయేది. కథలోని కీలకం జారవిడవడం మీకు అలవాటే. "బువ్వ కింటింట తోడేలు పోయి నిలిచె" అన్న సమస్యకు గుబ్బియో ఊరి వీధులన్నీ వర్ణించారు గాని, ఆ ఊరిని భయపెట్టిన తోడేలు ఇక ఎవరికీ హాని చేయనని ఫ్రాన్సిస్ చేతిలో పంజా ఉంచి మాట ఇచ్చిన ఘట్టాన్ని వదిలేశారు.

కృష్ణాతీరం: చెలానో తొమాసు రాసిన తొలి జీవితచరిత్రలో ఆ తోడేలే లేదు. ఫ్రాన్సిస్ పోయిన వందేళ్లకు గాని ఆ కథ గ్రంథస్థం కాలేదు. పంజా లేదని నన్ను నిలదీయడం దేనికి?

పద్యపథికుడు: సమస్యలోనే తోడేలు ఉన్నప్పుడు పంజాకు ప్రమాణాలు అడుగుతారా? సరే, నా పూరణ:

కత్తిఁ బట్టి యపూలియా కదనమునకు
సాగి స్పోలెటోఁ గలలోన స్వామి పిలువ
మరలి యసిసికిఁ, బోరుపై మనసు విఱిగి
బట్టలమ్ము వాని కొడుకు బట్ట విడిచె

మందారమాల: బట్టను త్రోవగా తీసుకున్నారు! దక్షిణ ఇటలీలోని అపూలియాకు యుద్ధానికి వెళ్లే బాట విడిచాడన్నమాట. అంతకుముందే పొరుగు నగరం పెరూజాతో జరిగిన పోరులో చిక్కి ఏడాదిపాటు చెరలో ఉన్న కుర్రాడు మళ్లీ కత్తి పట్టి బయలుదేరాడు. ఆ వెనుకకథ తెలిసినవారికి "మనసు విఱిగి" మరింత బరువుగా తగులుతుంది.

కృష్ణాతీరం: "సాగి" తరువాత "స్పో" వచ్చింది. "గి" గురువైతే మొదటి గణం ఏమైనట్టు?

సంచాలకుడు: వేరు పదం, సమాసం కాదు. "గి" లఘువే. "స్వామి" ముందున్న "న" కూడా అంతే. గణాలు సరిగ్గా ఉన్నాయి.

కృష్ణాతీరం: గణాలు సరే. వస్త్రాన్ని పక్కకు నెట్టేశాక పద్యంలో ఫ్రాన్సిస్ ఎక్కడ మిగిలాడు? 1206లో బిషప్ గ్విదో తన అంగీతో ఆ నగ్నదేహాన్ని కప్పాడు. ఆ దృశ్యాన్ని దాటవేసి నిఘంటువులో దాక్కోవడం చమత్కారమే, పూరణ మాత్రం కాదు.

మందారమాల: మీరిద్దరూ ఆయన యౌవనం దగ్గరే ఆగిపోయారు. అసిసి దగ్గరి చిన్న గుడి పోర్జియుంకొలా దగ్గర చివరి గడియల్లో, వట్టి నేల మీద బట్టల్లేకుండా పడుకోబెట్టమని కోరాడాయన. తాను రాసిన సూర్యగీతంలో మరణాన్ని సోదరి అన్నదీ ఆయనే.

చావు సోదరీ! రమ్మని చక్కఁ బిలిచి
నేలతల్లిపై దేహము నిలుపుఁ డనుచు
పుట్టినప్పటి తీరునఁ బోవఁ దలఁచి
బట్టలమ్ము వాని కొడుకు బట్ట విడిచె

పద్యపథికుడు: అమ్మా, మూడో పాదానికి నమస్కారం. తండ్రి ఎదుట విడిచిన బట్ట, మృత్యువు ఎదుట విడిచిన బట్ట ఒక్కటేనని తేల్చారు. ఈ వారం నా ఓటు నా పద్యానికి కాదు, మీదానికే.

కృష్ణాతీరం: నా ఓటూ దీనికే. కాని "చక్కఁ" యతి కోసం తెచ్చిన ఊతపదం. ఇంత గొప్ప ఎత్తుగడలో అది ఉండకూడదు. "రమ్మని చాఁచి చేయి" అనండి.

మందారమాల: ఎంత బాగుంది మాస్టారూ! అలాగే మార్చుకుంటున్నాను.

పద్యపథికుడు: మృత్యువుకు చేయి చాపించిన కవి తోడేలు పంజాను ఎందుకు వదిలేశాడో నాకింకా అంతుపట్టలేదు. ఆ పూరణ మళ్లీ రాయండి, కృష్ణాతీరం గారూ. మొదటి మెచ్చుకోలు నాదే.